సాయంత్రమైతే పంది కనబడదు

రాళ్లవాగుపల్లె, కొమరోలు మండలం
6 జులై 2025

మాధవికి,

మీ అవ్వ చెంచమ్మ చెబుతుంటే పక్కింటి లీదియా రాస్తున్న ఉత్తరం. నేను బాగున్నాను. గేదె బాగుంది. మిరప నారు పోశాను, మొలక బాగానే వచ్చింది.

ఫోను చేయొచ్చు కదా అంటావు. చేయను. ఫోనులో నువ్వు ఊఁ కొడతావు, ఎవరో పిలిచారని పెట్టేస్తావు. ఈ కొండ కింద మాట సగమే వినబడుతుంది, ఆ సగంలో నీకు అనుకూలమైనదే నువ్వు వింటావు. బోరుకు కరెంటు కోసం ఆఫీసు చుట్టూ తిరిగినప్పుడు నోటితో చెప్పినవేవీ నిలబడలేదు. అర్జీ రాయించి, ముద్ర వేయించి, తీసుకున్నట్టు సంతకం పెట్టమన్నాకే స్తంభం వచ్చింది. ఇదీ అర్జీయే అనుకో. కాగితం మీదే జవాబు చెప్పు.

ఉగాది అయ్యాక నువ్వు వచ్చి టీవీ కింద నల్ల పెట్టె పెట్టించావు. వీధి స్తంభం నుంచి నెట్టు తీగ లాగించావు. రిమోటు లాంటిదొకటి చేతికిచ్చి, "మా కంపెనీ కొత్త ఆటవ్వా, పల్లెటూళ్ళలో ఎట్ల ఆడుతుందో చూడాల, రోజూ ఆడి చెప్పు" అన్నావు. ఆట పేరు కాపలా. మంచె మీద కూర్చుని జొన్న చేలోకి వచ్చే అడవి పందులను తరమాలి. నీకు తెలుసు కదా, మీ తాతా నేనూ అడవి అంచు చేలో ఎన్ని పంటకార్లు కాపలా కాశామో. పంది ఎట్లా వస్తుందో, ఎక్కడ ఆగి వాసన చూస్తుందో నాకు మీ కంపెనీ చెప్పనక్కర్లేదు. అందుకే ఒప్పుకున్నాను. మొదట్లో బాగుండేది కూడా. పంది వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడడం కనబడేది.

ఇప్పుడు సాయంత్రమైతే ఆ చేను మంచు పట్టినట్టు ఉంటుంది. పొద ఏదో పంది ఏదో తెలియడం లేదు. గీతలన్నీ కరిగిపోయి, నీళ్లలో తడిసిన బొమ్మల పుస్తకంలా ఉంది. అది చాలదన్నట్టు చప్పుడు ముందు వస్తుంది, పంది తర్వాత వస్తుంది. నేను మీట నొక్కితే అప్పటికే అది కంకులు మేసి గట్టు దాటి పోయుంటుంది. నేను చేతగానిదాన్ని అయినట్టు తెర మీద ఎర్ర అక్షరాలు పడుతున్నాయి. ఆ అక్షరాలు ఏమిటని లీదియాను అడిగితే "పంట పోయింది" అని చదివింది. నా కాపలాలో పంట పోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

తీగలో తప్పుందా, పెట్టెలోనా, మీ ఆటలోనా, తేల్చి రాయి.

మీ అవ్వ చెంచమ్మ
(వేలిముద్ర ఆమెదే. రాసినది లీదియా)

---

హైదరాబాదు
15 జులై 2025

అవ్వకు,

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. నా పక్కన కూర్చునేవాళ్ళు ఉత్తరాన్ని చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. లీదియా పిన్నీ, అవ్వకు నిదానంగా చదివి వినిపించు, మధ్యలో కోప్పడినా ఆపకు.

అవ్వా, ఆట నీ టీవీలో లేదు. నల్ల పెట్టెలోనూ లేదు. ముంబైలో ఒక చోట పెద్ద పెద్ద కంప్యూటర్లు ఉంటాయి, ఆట అక్కడ నడుస్తుంది. నువ్వు ఇక్కడ మీట నొక్కితే ఆ కబురు అక్కడికి వెళుతుంది. అక్కడ పంది పారిపోయిన బొమ్మ గీసి, తీగలో నీ టీవీకి పంపుతారు. ఇదంతా రెప్పపాటులో జరగాలి. దారి ఇరుకైతే బొమ్మ ఆగిపోకుండా, అందులోని నగిషీ తగ్గించి పంపుతారు. అప్పుడు మసకగా కనబడుతుంది.

కానీ మన ఊరి దారి ఇరుకు కాదు. నల్ల పెట్టె రోజూ తనంతట తనే తీగ వేగం కొలిచి మాకు పంపిస్తుంది. ఆ కొలతలన్నీ నేనే తెరిచి చూశాను. ఒక్క రోజు కూడా తక్కువ లేదు. మా దగ్గర నుంచి బొమ్మ శుభ్రంగానే వస్తోంది.

అందుకని ఒక మాట అడుగుతాను, తిట్టొద్దు. కళ్ళు ఎప్పుడైనా చూపించుకున్నావా? నీ ఈడు వాళ్ళకు పొర రావడం మామూలే. నాయనతో చెప్పాను. గిద్దలూరు నుంచి ఈ ఆదివారం వస్తానన్నాడు.

ఇంకొకటి, ఆడేటప్పుడు తక్కినవన్నీ ఆపేసి చూడు. అప్పుడూ మసకగానే ఉందేమో రాయి. ఇట్లాంటి ఊళ్ళ నుంచి వచ్చే మాటలన్నీ చూసి, పల్లెలకు ఈ ఆట ఇవ్వాలా వద్దా అని దసరా లోపల తేలుస్తారు. వద్దంటే మా జట్టును ఎత్తేస్తారు. నువ్వు ఊరికే ఆడుతున్నావని అనుకోకు.

నీ మాధవి

---

రాళ్లవాగుపల్లె
24 జులై 2025

మాధవికి,

నీ ఉత్తరం లీదియా రెండుసార్లు చదివింది. రెండోసారి నేను అడిగి చదివించాను, మొదటిసారి తప్పుగా విన్నానేమోనని. తప్పుగా వినలేదు.

నేను తీగ మీద అర్జీ పెడితే నువ్వు నా కంటి మీద తీర్పు చెప్పావు.

మీ నాయన ఆదివారం రాలేదు, మంగళవారం వచ్చాడు. పురుగుమందుల దుకాణం మూసి వచ్చానని గడప దాటకముందే చెప్పాడు. వచ్చి చుక్కల మందు సీసా బల్ల మీద పెట్టాడు. తర్వాత ఏం చేశాడో విను. వాకిట్లో దూరంగా నిలబడి చెయ్యి ఎత్తాడు.

"అమ్మా, ఎన్ని వేళ్ళు ఇవి?"

"నీకు ఎన్ని పెట్టి కన్నానో అన్నీ ఉన్నాయి పో" అన్నాను.

"అది కాదమ్మా, సరిగ్గా చెప్పు."

"చెప్పను. అంగడిలో గొర్రెను కొనేదానికి వచ్చినావా, పళ్ళు గూడా చూసుకో."

వాడికి నవ్వు రాలేదు. గొడ్ల కొట్టం కేసి చూస్తూ, మోటారు దగ్గరికి ఒక్కదానివే పోతున్నావా, స్టార్టరు డబ్బా ముట్టుకోవద్దు, వానపడితే ఏమైనా అయితే నలుగురూ నన్నంటారు అన్నాడు. ఇదంతా నువ్వు పెట్టిన మంట.

మాధవీ, మా అక్క యల్లమ్మ నీకు గుర్తుండదు, నీ చిన్నప్పుడే పోయింది. ఆమెకు కంటి ఆపరేషను చేశారు. ఇంటికి వచ్చాక మంట పుడుతోందంటే ఎవరో ఆకు పసరు పిండారు. కన్ను పోయింది. ఆపరేషను తప్పు కాదు, పసరు తప్పు అని అందరూ అన్నారు. తప్పు ఎవరిదైతేనేం, కన్ను ఆమెది. అది కూడా పెద్ద మాట కాదు, రెండో కన్ను ఉంది కదా. అయినా ఆమెకు చూపు తక్కువ అన్న మాట పడ్డ రోజు నుంచి కొడుకులు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. గింజల గది తాళం తీసుకున్నారు. చేనుకు పోతానంటే పడతావన్నారు. మంచం మీద కూర్చోబెట్టి గిన్నె చేతికందించేవారు. పెద్ద గొంతు మనిషి, ఆ గొంతే సన్నబడిపోయింది. బాగా చూసుకుంటున్నారని ఊరంతా మెచ్చుకుంది. నేను పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని "నన్ను నీ చేనికి తీసుకపోవే, కలుపు తీస్తా" అంది.

నేను ఆ మంచం ఎక్కను. ఇది నువ్వు గుర్తు పెట్టుకో.

ఇక నువ్వు చెప్పినట్టే తక్కినవన్నీ ఆపాను. ఫ్యాను ఆపాను. ఫ్రిజ్జు ఆపితే పెరుగు పులిసింది. ఈ వారం చేనుకు కరెంటు వంతు సాయంత్రం పూట. అందుకని బోరు మోటారు కూడా కట్టేసి వచ్చి ఆడాను, నాలుగైదు రోజులు. మిరప నారు తలలు వాల్చింది. పంది మాత్రం అట్లనే మసకగా ఉంది. నారు వాడినా సరే, నా మాట నిజమని తేలింది.

చివరిగా ఒకటి. "కొలతలు చూశాను" అని రాశావు. నా మాటలు కూడా ఆఫీసులో ఎక్కడో రాస్తారు కదా. నా గురించి అక్కడ ఏమని రాశావు?

చెంచమ్మ

---

హైదరాబాదు
4 ఆగస్టు 2025

అవ్వకు,

నువ్వు అడిగావు కాబట్టి దాచను. కారణం అన్న చోట నేను రాసింది ఇది: ఆడేవారి చూపు తక్కువ.

అట్లా రాయకపోతే తీగ తప్పు అని రాయాలి. తీగ కొలతలు బాగున్నప్పుడు ఆ మాట నిలబడదు. పైవాళ్ళు అడిగితే నేనేం చూపించను? నిన్ను కించపరచాలని కాదు.

అవ్వా, నేను చేసిన పెద్ద తప్పు ఇంకోటి ఉంది. తక్కినవన్నీ ఆపమంటే ఫ్యాను, ఫ్రిజ్జు, మోటారు కాదు. నెట్టు వాడే వేరే ఫోన్లు ఆపమని. అది సరిగ్గా రాయలేదు. నారు వాడిందని నీ ఉత్తరంలో చదవగానే నాకు తిండి సయించలేదు.

ఎందుకంటే అది అక్కడితో ఆగలేదు. చెంచమ్మ చేలో మోటారు వేయడం లేదు, నారు ఎండుతోంది అని ఎవరో నాయనకు చేరవేశారు. నాయన అనుకున్నది ఏమిటంటే, నీకు స్టార్టరు మీటలు కనబడడం లేదని. అది కాదు, ఆట కోసమే ఆపింది అని నేనంటే నమ్మలేదు. "డెబ్బై దాటిన మనిషి టీవీలో పందుల కోసం నారు ఎండబెట్టుకుంటాదా, నువ్వు మీ అవ్వను వెనకేసుకొస్తాండావు" అన్నాడు. ఆ చేను కౌలుకు ఇచ్చేద్దామని ఏడుకొండలుతో మాట్లాడుతున్నాడు. నిన్ను గిద్దలూరు తెచ్చుకుంటాడట. అమ్మ కూడా గది ఖాళీ చేస్తోంది.

ఫోను చేస్తే నువ్వు తీయవు. నేను రావాలంటే దసరా లెక్క తేలేదాకా సెలవు ఇవ్వరు. రోజూ నాయనతో వాదిస్తున్నాను, నా చేతిలో ఒక్క ఆధారం లేదు.

ఒక్కటి చెప్పు. నువ్వు కాక ఆ తీగ మీద ఇంకెవరైనా నెట్టు వాడుతున్నారా? లీదియా పిన్నీ, నీ కంటికి ఆ బొమ్మ ఎట్లా ఉంది?

నీ మాధవి

---

రాళ్లవాగుపల్లె
13 ఆగస్టు 2025

మాధవికి,

నువ్వు ఆఫీసులో రాసిన మాట విన్నాను. దాని సంగతి చివర చెబుతాను.

నీ ఉత్తరం చదువుతూ లీదియా ఒక చోట ఆగిపోయింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏందే, అక్షరాలు అయిపోయినాయా?" అన్నాను.

"అయిపోలేదత్తా. ఇంకెవరన్నా నెట్టు వాడుతున్నారా అని అడుగుతాంది."

"అడగనీ. ఉన్నది చెప్పు."

"చెబితే మా కృప చదువు పోతాది కదత్తా."

సంగతి ఇది. లీదియా కూతురు కృపారాణి నర్సింగు చదువుతోంది. సాయంత్రాలు మన అరుగు మీద కూర్చుని ఫోనులో పాఠాలు వింటుంది. ఆ పిల్ల ఒక్కతే కాదు. బెంగుళూరులో భవనం పనికి పోయిన వాళ్ళ పెండ్లాలు బిడ్డలను చూపించుకునేది ఇక్కడే. ఏబేలు తన తమ్ముడితో మాట్లాడేది ఇక్కడే. పాట వినేవాళ్ళు, బట్టల బేరం చూసేవాళ్ళు, అందరూ చేలనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని మన అరుగు మీదే చేరతారు. నెట్టు కలవాలంటే ఏదో తాళం మాట ఉంటుందట, అది నువ్వే ఒక చీటీ మీద రాసిచ్చి పోయావు. వచ్చిన ప్రతివాడూ అవ్వా ఆ చీటీ, అవ్వా ఆ చీటీ అంటుంటే విసుగొచ్చి, దాన్ని కృప చేత పలక మీద పెద్దక్షరాలతో రాయించి అరుగు స్తంభానికి వేలాడదీశాను.

మన బోరు వేసిన నాడే వీధిలోకి ఒక పైపు పెట్టించాను, నీకు తెలుసు. తాగే నీళ్లకు బిందె ఎత్తుకుని వచ్చిన వాళ్ళను ఎవరింటి దానివని అడగలేదు. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. నీళ్లయితే నలుగురూ పట్టుకుంటే ధార సన్నబడుతుంది, కంటికి కనబడుతుంది. ఇది సన్నబడుతుందని నాకు ఎవరు చెప్పారు? వాళ్ళ ఫోన్లు వేరు, నా టీవీ వేరు అనుకున్నాను.

ఇప్పుడు నువ్వు వాళ్ళను లేపమంటే నేను లేపను. పలక తీయను. అది ముందే చెబుతున్నాను.

బొమ్మ సంగతి. లీదియాను, ఏబేలును, కృపను, అరుగు మీదున్న వాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి టీవీ ముందు నిలబెట్టాను. ఇదేంది అని అడిగాను. లీదియా పొద అంది. ఏబేలు బండరాయి అన్నాడు. కృప ఎనుము అంది. అది పంది. ముగ్గురికీ సూదిలో దారం ఎక్కించే కళ్ళే. లీదియా జాకెట్లు కుట్టే మనిషి, ఆమెకూ చూపు తక్కువేనా? ఆమె కారణం కూడా అట్లనే రాస్తావా?

ఇంకో మాట. మీ పెట్టె తనంతట తనే కొలుస్తుందని రాశావే, ఎప్పుడు కొలుస్తుంది? అది నాకు చెప్పు. నేను ఆడేది దీపాలు పెట్టే వేళకు. పగలు ఈ ఊళ్ళో ఇంటి పట్టున ఎవరుంటారు? నడి మధ్యాహ్నం వచ్చి కొలిచి, ఈ వీధిలో జనమే లేరు అని రాసుకుపోతే అది ఊరి లెక్క అవుతుందా?

ఏడుకొండలు వచ్చాడు. నేనంటే వాడికి జంకు. గట్టు మీద నిలబడి కాలి బొటనవేలితో మన్ను గీకుతూ, "పెద్దమ్మా, మీ అబ్బి రమ్మన్నాడు, చేను చూసి పొమ్మన్నాడు" అన్నాడు. "చూసినావుగా, పో" అన్నాను. పోయాడు. మళ్ళీ వస్తాడు. మీ నాయన పంపిస్తే రాక ఏం చేస్తాడు. రాత్రి కుక్క మొరిగినా వాడే వచ్చాడేమో అనిపిస్తోంది. ఇదివరకు నాకు ఇట్లాంటి దిగులు లేదు.

ఆఫీసులో రాసిన మాట కొట్టెయ్యి. చూపు తక్కువ అని ఒక్క కాగితం మీద పడితే చాలు, అది మీ ఆఫీసులో ఆగదు. గిద్దలూరు దాకా వస్తుంది. వచ్చింది కూడా.

చెంచమ్మ

---

హైదరాబాదు
23 ఆగస్టు 2025

అవ్వకు,

పెట్టె కొలిచేది మధ్యాహ్నం. నువ్వు అడిగేదాకా మేమెవరం ఆ మాట అడగలేదు.

ఆటలు ఆడేవాళ్ళు తక్కువగా ఉండే వేళ, వాళ్ళకు ఇబ్బంది ఉండదని ఎవరో ఆ టైము పెట్టారు. పట్నంలో అయితే అది పెద్ద తేడా కాదు. మన ఊళ్ళో ఆ వేళకు అందరూ చేలల్లో ఉంటారు. నేను అదే ఊళ్ళో సెలవులన్నీ గడిపి కూడా ఆ సంగతి మరిచాను. నీ ఉత్తరం పట్టుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. సాయంత్రం కొలవమని పట్టుబట్టాను. మూడు రోజులు కొలిచారు. దారి ఇరుకైపోయి, బొమ్మ ఎంత చితికి వస్తోందో లెక్క కళ్ళముందు పడింది. మన ఊరొక్కటే కాదు, మార్కాపురం వైపు ఊళ్ళు, ఇంకా దూరంవి, చాలా చోట్ల ఇదే. ఎక్కడ మసక అన్నా మేము ఆడేవాళ్ళ మీదే నెట్టాం.

నీ గురించి రాసింది కొట్టేశాను. తీగ ఇరుకు, సాయంత్రం పూట, అని రాశాను. కింద నా పేరు పెట్టాను. దసరా నిర్ణయం వాయిదా వేశారు. ఊరి తీగలకు తగ్గట్టు ఆటను మార్చేదాకా మా జట్టు ఉంటుంది.

నాయనకూ చెప్పాను. మెత్తబడ్డాడు కానీ పూర్తిగా నమ్మలేదు. "నేను నా కండ్లతో చూడాల" అంటున్నాడు. అందుకని ఒక్క సాయంత్రం, ఒక్కటే, అరుగు మీద వాళ్ళందరినీ ఫోన్లు ఆపమని అడుగు. పలక తీయొద్దు, ఎవరినీ లేపొద్దు. ఆ సాయంత్రం నాయన వస్తాడు. బొమ్మ తేటగా ఉన్నప్పుడు నువ్వు ఆడి చూపిస్తే కౌలు మాట ఇక ఎత్తడు. ఆ మాట నాకు ఇచ్చాడు.

తర్వాత నేను ఇంకో తీగ వేయిస్తాను, అరుగుకు ఒకటి, నీకు ఒకటి.

గెలిచావవ్వా. నిన్ను అనుమానించినందుకు నన్ను ఏమన్నా అను.

నీ మాధవి

---

రాళ్లవాగుపల్లె
3 సెప్టెంబరు 2025

మాధవికి,

ఈ ఉత్తరం రాయించే ముందు తలుపు దగ్గరికి వేయించాను. లీదియాను బైబిలు మీద ప్రమాణం చెయ్యమన్నాను, ఇందులో మాట బయటికి పోకూడదని. వాళ్ళ దేవుడు ప్రమాణాలు చేయొద్దన్నాడట. "ఊరికే చెప్పనత్తా, చాలదా" అంది. చాలు అన్నాను.

మీ నాయన నిన్న వచ్చాడు, వెంట ఏడుకొండలును తెచ్చుకున్నాడు. నేను అడగగానే అరుగు మీద వాళ్ళంతా ఫోన్లు ఆపి చేటలో పోశారు, పెసలు పోసినట్టు. కృప ఆ రోజు పాఠం వదులుకుంది. ఒక్కరూ ఇంటికి పోలేదు. లోపల చోటు చాలక కిటికీలోంచి తొంగి చూశారు. నాకేదో పరీక్ష అని వీధంతా తెలిసిపోయింది.

పెట్టె వేశారు. ఆట వచ్చింది. రాగానే కిటికీ దగ్గర గుసగుస. "అబ్బ, కంకి మీద గింజలు లెక్కపెట్టొచ్చు" అని ఏబేలు అన్నాడు. "పంది మూతికి మన్ను గూడా కనబడతాంది" అని కృప అంది. ఏడుకొండలు "మా ఇంట్లో సినిమా గూడా ఇంత తేటగా రాదు పెద్దమ్మా" అన్నాడు. మీ నాయన టీవీ చూడలేదు, నన్నే చూస్తున్నాడు.

నాకు మంచు ఒక్కటే కనబడింది మాధవీ. మంచు. ముందు రోజు ఎట్లా ఉందో అట్లనే. కంకి లేదు, గింజ లేదు, మూతి లేదు. తెర వెలుగు చుట్టూ సున్నం నీళ్ల రంగులో ఒక వలయం, మధ్యలో నల్లగా ఏదో.

ఏబేలు అబద్ధం ఆడుతున్నాడేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. అందరూ కూడబలుక్కుని నన్ను సంతోషపెడుతున్నారేమో అనుకున్నాను. లీదియా నా భుజం మీద చెయ్యేసి "ఇప్పుడు బాగుంది కదత్తా" అంది. ఆ గొంతులో నిజంగానే సంతోషం ఉంది.

"బాగుంది" అన్నాను.

ఆడాను. ఎట్లా ఆడానంటావా, చెవులతో. తీగ బాగుపడింది కదా, చప్పుడుకూ పందికీ ఎడం లేదు. పంది జొన్నను తోసుకుని వచ్చే అలికిడి ఏ పక్కనుంచి వస్తే ఆ పక్క మీట నొక్కాను. చీకటి మంచె మీద మేము చేసింది కూడా అదే, కళ్ళతో ఎవరు కాపలా కాశారు. ఒక్క పందిని పోనివ్వలేదు. తెర మీద పచ్చ అక్షరాలు పడ్డాయట, కిటికీ దగ్గర చప్పట్లు. మీ నాయన లేచి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "తప్పయిందమ్మా" అన్నాడు. అక్కడికక్కడే ఏడుకొండలుతో కౌలు లేదని చెప్పి పంపాడు. నాకు మీ నాయన మొహం కూడా సరిగా కనబడలేదు. తన అరచేయి నా పాదం మీద పెట్టాడు, చెమటగా ఉంది.

అందరూ ఫోన్లు తీసుకుని మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు. నేను లోపల కూర్చున్నాను.

ఇన్నాళ్ళూ తీగ తప్పు అన్నాను. అది నిజమే, నువ్వే తేల్చావు. దానితో పోట్లాడినన్ని రోజులు నాకు ధైర్యంగా ఉండింది. బొమ్మ బాగుపడితే అన్నీ బాగుపడతాయి అనుకున్నాను. ఇప్పుడు బొమ్మ బాగుపడింది. ఇక నెట్టడానికి ఏమీ లేదు. ఈ పొద్దున చేలో స్టార్టరు దగ్గర ఏది పచ్చమీటో ఏది ఎర్రమీటో వేలితో తడిమి వేశాను. వేసింది సరైనదే. రోజూ సరైనదే పడుతుందా?

అందుకని నువ్వు రా. మీ నాయనకు చెప్పకు, కన్ను బాగయ్యాక నేనే చెబుతాను. పెద్దాసుపత్రిలో చూపించు, వాళ్ళు ఆపరేషను అంటే చేయించు. ఇంట్లో పసరు, తేనె, తల్లిపాలు అని ఎవరు తెచ్చినా గడప దాటనివ్వకు, కట్టు విప్పేదాకా నువ్వు నా పక్కనే పడుకోవాలి. ఆ రోజులు మోటారు లీదియా వేస్తుంది, ఏడుకొండలు కాదు. చేను నాదే. కన్ను రాకపోతే అప్పుడు కూడా నాదే, కలుపు చేత్తో తడిమి తీస్తాను. మంచం మాట నా ముందు ఎవరూ ఎత్తకూడదు. దీనికి నువ్వు ఒప్పుకుంటేనే రా.

ఆఫీసులో కొట్టేసిన మాట తిరిగి రాయకు. తీగ తప్పు తీగదే, ఊళ్ళోవాళ్ళందరికీ మసకగానే కనబడింది. కన్ను సంగతి కంపెనీది కాదు, మన ఇంటిది.

నాకు భయంగా ఉంది. ఈ మాట రాయాలా అని లీదియా అడిగింది. రాయమన్నాను.

ఆసుపత్రి లోపల నీ చెయ్యి పట్టుకుని నడుస్తాను. కొమరోలు బస్టాండులో మాత్రం అందరూ తెలిసినవాళ్ళే, అక్కడ నేనే ముందు నడుస్తాను. నువ్వు వెనకాలే ఉండి, మెట్టు వచ్చినప్పుడు మెల్లగా చెప్పు.

మీ అవ్వ చెంచమ్మ
(వేలిముద్ర కాస్త పక్కకు పడింది, సిరా డబ్బా నేనే చూపించాను. లీదియా)